బ్రేకుకు పోసిన నూనె

సౌజన్య కారు ముందు చక్రం కడిగి, గుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె డబ్బా అందుకుంది. చక్రం సందుల్లోంచి లోపల మెరుస్తున్న ఇనుప పళ్లేనికి డబ్బా ముక్కు ఆనించి నొక్కింది. రెండో చక్రానికీ అంతే.

ఆమె భర్త జగన్ క్యాబ్ నడుపుతాడు. కొన్నాళ్లుగా బ్రేకు తొక్కితే చాలు, ఎల్బీనగర్‌లోని వాళ్ల సందంతా ఉలిక్కిపడేలా కీచుమంటోంది. ఎక్కినవాళ్లు మొహం చిట్లిస్తున్నారని అతను ఫోన్లో ఎవరితోనో చెప్పుకుంటుంటే విన్నది. ఆమెతో చెప్పలేదు. ఆమెతో అతను ఏదీ చెప్పడు. తగవేమీ లేదు. మాటలు ఎండాకాలపు బావిలా అడుగంటాయి, అంతే. వస్తాడు, తింటాడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆ చప్పుడు పోతే, ఎట్ల పోయిందనైనా అడుగుతాడని ఆమె ఆశ.

"ఏం చేస్తున్నావే అమ్మాయ్?" పైఅంతస్తు నుంచి ఇంటి ఓనరు కృష్ణకుమారి కేకేసింది.

"బ్రేకులకు నూనె పోస్తున్న ఆంటీ. ఒకటే అరుస్తున్నయి."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! బ్రేకంటే గట్టిగా పట్టుకోవాలి గానీ, జారితే బండెలా ఆగుతుందే? మా ఆయన స్కూటర్‌కి ఇదే వైద్యం చేసి, తిన్నగా పాలబూత్‌లోకి దూరారు. అరుస్తోందంటే లోపలి ప్యాడ్లు అరిగాయని. మార్పించాలి, అంతే!"

సౌజన్య మళ్లీ చక్రం దగ్గర కూర్చుంది. గుడ్డతో ఎంత రుద్దినా వేలికి జిడ్డు తగులుతూనే ఉంది. లోపల జగన్ తాళంచెవి అందుకుంటున్నాడు. ఒక్క పరుగున గుమ్మంలోకి వచ్చింది.

"జర ఆగు. బండి తియ్యకు. బ్రేకులకు నూనె పోసిన."

"ఏం నూనె?"

ఎన్నాళ్లకో ఆమెను అతను అడిగిన మాట. గబగబా చెప్పింది.

"మిషన్ నూనె. మా బాపు ఎడ్లబండి ఇరుసుకు కందెన పెడితే చప్పుడు పోయేది. గట్లనే అనుకున్న. తప్పయింది. తిట్టు, కొట్టు, గని బండి మాత్రం తియ్యకు."

జగన్ బయటికెళ్లి చక్రం దగ్గర కూర్చున్నాడు. లోపల వేలు పెట్టి చూసి, వాసన చూసి, లేచాడు. లోపలికొచ్చి చేతులు కడుక్కున్నాడు. సౌజన్య తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడింది. పిచ్చిదానివా అంటాడేమో, బతికించినవ్ అంటాడేమో. ఏదైనా సరే, వినడానికి ఆమె సిద్ధంగా ఉంది.

అతను తువ్వాలు అందుకోలేదు. తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుని, తాళంచెవి టీవీ మీద పెట్టాడు. చెప్పులేసుకుని, మెకానిక్ దగ్గరికో, మెట్రో స్టేషన్‌కో, మాట్లాడకుండా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.