నిండుగా తిరిగొచ్చిన నీళ్ల బాటిల్

“తాగేనంటావు. మరి పొద్దున నింపిన బాటిల్ నింపినట్టే ఎలా తిరిగొచ్చిందే?” పుష్పకుమారి గొంతు అప్పటికే వీధి గుమ్మం దాటేసింది.

“మళ్లీ పట్టుకున్నానమ్మా,” అంది సుజి మొహం తిప్పుకుని.

“కాలేజీ కుళాయి నీళ్లు నువ్వు పట్టుకున్నావు! ఎవరికి చెప్తున్నావు?”

గోడవారన కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్న అత్తగారు అందుకుంది. “పిల్లకి ఒంటేలుకెళ్తే మంటని మూడ్రోజులైంది. సబ్జా గింజలు నానబెట్టి ఇయ్యండని సెప్పేను. ఇన్నారేటి ఎవరైనా?”

పుష్పకుమారికి బల్ల మీద ఇంకో తలనొప్పి ఉంది. ఊళ్లోని ఓ డిగ్రీ కాలేజీలో ఆమె జువాలజీ లెక్చరర్. సుజి అక్కడే ఫస్టియర్. ఈ ఏడు ఫస్టియర్ పిల్లలకి కొత్తగా ఆరోగ్యం మీద పది క్లాసులు పెట్టారు. ఏం చెప్పాలో రాసి రేపు పొద్దున్నే ఇమ్మన్నారు ప్రిన్సిపాల్. నాలుగు కాగితాలు చింపినా మొదటి క్లాసు దగ్గరే పెన్ను ఆగిపోతోంది.

“ఆరోగ్యమనగానేమి అని మొదలెట్టు. ఓ రెండు క్లాసులు విటమిన్ల చార్టు గీయించు,” అన్నాడు భర్త జాకబ్ పేపరు దించకుండా. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఏ సమస్యా రెండు మెట్లు దాటకూడదాయనకి.

“విటమిన్లు ఏడో క్లాసులోనే బట్టీపట్టేరండీ వాళ్లు!”

“అయితే ప్రార్థనతో మొదలెట్టమ్మా,” అంది అత్తగారు.

“అత్తయ్యా, మీరుండండి!” అని కూతురి మీదకి తిరిగింది. “జువాలజీ చెప్పేదాని కూతురివి. నీళ్లు తాగకపోతే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?”

సుజికి ఒళ్లు మండిపోయింది. “తెలుసమ్మా, మా అందరికీ తెలుసు. తాగితే ఎక్కడికెళ్లాలి? అమ్మాయిల బాత్రూముకి తాళం. చెవి ఆఫీసులో. అంతమంది మగాళ్ల ముందు నిలబడి అడగాలి. చీడికాడ నుంచొచ్చే పిల్లలు ఆరింటికి బస్సెక్కితే సాయంత్రం ఇంటికెళ్లేదాకా చుక్క ముట్టరు.”

అంటూనే లేచి తల్లి హ్యాండ్‌బ్యాగు తెచ్చింది. జిప్పు లాగి అందులోని బాటిల్ బల్ల మీద పెట్టింది.

మూత దాకా నీళ్లు.

జాకబ్ పేపరు దించేడు. “అదేటి పుష్పా? స్టాఫుకి వేరే ఉంది కదా?”

“ఉంది. గొళ్లెం ఊడి ఏడాదైంది,” అంది పుష్పకుమారి. తను తాగడం మానేసిన సంగతి ఆమెకే గుర్తులేదు.

ఆ రాత్రి భోజనాల ముందు ఇంటిల్లిపాదీ ప్రార్థనకి కూర్చున్నారు. అత్తగారు ఆమెన్ అని కళ్లు తెరిచాక, పుష్పకుమారి అన్నం గిన్నె మూత తీస్తూ మెల్లగా అంది.

“మొదటి క్లాసు బాత్రూము గురించే రాసేను. రేపట్నుంచి ఆ తాళంచెవి నా దగ్గరుంటుంది. ఆఫీసువాళ్లు కాదంటే ఆ పది క్లాసులూ వాళ్లనే చెప్పుకోమంటాను.”