రాజు వేషానికి అస్తరు

ఆరిన బట్టలు ఒళ్ళో వేసుకుని మడతలు పెడుతుంటే మా ఆయన కాఫీ కప్పు కింద పెట్టి అన్నాడు: “అయితే మా నాన్నని సొరుగులో పడుకోబెడతావన్నమాట. శవాన్ని పెట్టినట్టు.”

చేతిలో ఉన్నది ఆయన చొక్కాయే. కాలరు సరిచేసి పక్కన పెట్టాను. పడుకోబెట్టేది మామయ్యని కాదు, మామయ్య వేసుకున్న అంగీలని. మామయ్య నాటకాల్లో రాజు వేషాలు కట్టేవారు. వేషం తీసేశాక కూడా అందరూ ఆయన్ని మహారాజనే పిలిచేవారు. ఆయన పోయాక మా ఆయన ఆ మూడు అంగీలనూ నేను పనిచేసే మ్యూజియానికి ఇస్తానన్నాడు. సరిగ్గా అప్పుడే మా దగ్గర పాత బట్టలు దాచే గదికి కొత్త అల్మారాలు కొంటున్నారు. ఎలాంటివి కొనాలో తేల్చాల్సింది నేను. ఆ మాట నా ఉద్యోగపు కాగితంలో ఉంది గానీ, ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు.

మా ఆయనకి నిలువెత్తు అద్దాల బీరువా కావాలి. అంగీలు హ్యాంగర్లకి ఠీవిగా వేలాడాలి, పైన నాన్న పేరుండాలి. డైరెక్టరుగారికీ అదే నచ్చింది. “వేలాడదీస్తే చోటు కలిసొస్తుందమ్మా. సొరుగులో పెడితే ఉన్నట్టు ఎవరికి తెలుస్తుంది?” అన్నారు. అల్మారాల కంపెనీ మనిషి నేనడిగిన ప్రతి ప్రశ్నకీ డైరెక్టరుగారికేసి చూసే జవాబు చెప్పాడు. చెక్క అతికించే జిగురు నుంచి ఆవిర్లు వస్తాయా, వస్తే పట్టు పాడవదా అని నేనడిగితే, “అబ్బే, వాసనే రాదు సార్” అన్నాడు. సార్!

ముఖమలు మీద జరీ, జరీ మీద పూసలు. ఒక్కో అంగీ చంటిపిల్ల బరువుంటుంది. ఆ బరువంతా ఏళ్ళ తరబడి రెండు భుజాల కుట్ల మీద వేలాడితే ఏమవుతుంది? వెడల్పాటి ఇనుప సొరుగులు కావాలి, లోతు తక్కువవి. మడత లేకుండా వెల్లకిలా పరవాలి. మీటింగులో ఇదే చెబితే “చూద్దాం” అన్నారు. ఇంట్లో చెబితే “నీ ఆఫీసరుగిరీ నా దగ్గరొద్దు” అన్నాడు మా ఆయన. పెళ్ళయిన కొత్తలో మా ఆడపడుచు “పాత సామాను సర్దడానిక్కూడా జీతమిస్తారా వదినా?” అంటే అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నానో. ఇంట్లో పొద్దస్తమానం సర్దేదానికి జీతం లేదు కాబట్టి, బయట సర్దేది కూడా వీళ్ళ దృష్టిలో పని కాదు.

చివరికి ఏదో ఒకటి తేల్చేద్దామని డైరెక్టరుగారు అందరినీ రమ్మన్నారు. మా ఆయన అత్తయ్యని వెంటబెట్టుకొచ్చాడు. “అమ్మ ఒక్క మాటంటే నీ నోరు మూతపడుతుంది” అన్నాడు కారులో, ఆమె వెనకసీట్లో ఉండగానే.

బల్ల మీద అంగీలు పరిచి ఉంచాను. అత్తయ్య కుర్చీ వేసినా కూర్చోలేదు. ఒక అంగీ భుజం కింద వేళ్ళు పోనిచ్చి, “ఇటు చూడు” అని నన్ను పిలిచింది. లోపలివైపు కుట్టు మీద కుట్టు, దాని మీద ఇంకో కుట్టు.

“ఆడినప్పుడల్లా ఇక్కడే విడిపోయేది. మర్నాటికల్లా మళ్ళీ కుట్టేదాన్ని. నాటకాలవాళ్ళు నన్ను సూదమ్మ అనేవాళ్ళు. నీకు తెలీదు కదూ?”

నాకు తెలీదు. మహారాజు కథలు మాత్రం కంఠతా వచ్చు.

అంగీ అంచు తిప్పి లోపల వేసిన ఎర్రటి అస్తరు గుడ్డ చూపించింది. “ఇది నా పెళ్ళిబట్ట. గుడ్డ చాల్లేదంటే కోసిచ్చాను.”

“అమ్మా, ఆ ముచ్చట్లన్నీ తర్వాత” అన్నాడు మా ఆయన. “వేలాడదీయాలా, పడుకోబెట్టాలా? అది చెప్పు.”

అత్తయ్య ఆ అంగీ చెయ్యి తిన్నగా సర్దింది. “ఎలా దాచాలో అడుగుతున్నావు బాబూ. ఇవ్వచ్చా అని మాత్రం అడగలేదు.”

“నాన్నవి కదమ్మా!”

“ఆయన వేసుకున్నారు. కుట్టింది నేను. ఇవి నావి.”

కంపెనీ మనిషి బీరువాల బొమ్మలున్న పుస్తకం మెల్లగా మూశాడు. డైరెక్టరుగారు గొంతు సవరించుకుని, “ఇంట్లో వీటికి రక్షణ ఉండదు పెద్దమ్మా. కావాలంటే మీ కోడల్ని అడగండి” అన్నారు. ఇన్నాళ్ళకి నా మాట పనికొచ్చింది ఆయనకి.

అది నిజం కూడా. మా ఇంట్లో గోడలకి చెమ్మ, అల్మారాల్లో చిమ్మెటలు. ఇక్కడైతే మా తర్వాత పుట్టేవాళ్ళు కూడా ఆ కుట్లు చూడగలరు. వస్తువు బతికితే చాలని నమ్మి పనిచేస్తున్నదాన్ని.

“ఇక్కడుంటేనే భద్రం అత్తయ్యా” అన్నాను. ఆమె ముఖం వాడిపోయింది. “కానీ మీరిస్తేనే.”

డైరెక్టరుగారి వైపు తిరిగాను. “ఈ అంగీలు మనకింకా రాలేదు సార్. సొరుగులు మాత్రం కొనాల్సిందే. మిగతా బట్టలకి అవే కావాలి. అలాగే రాసిస్తాను.” మా ఆయన అప్పటికే బయటికి వెళ్ళిపోయాడు.

అంగీలతో ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. మా ఇంట్లో అంత వెడల్పుగా, చదునుగా ఉన్న చోటు మా పడకగదిలో డబుల్ కాట్ ఒక్కటే. కర్టెన్లు లాగి, ఉతికిన తెల్లదుప్పటి వేశాను. అత్తయ్య ఆ పక్క, నేను ఈ పక్క పట్టుకుని ఒక్కో అంగీ దించాం. “ఆలోచించుకుంటానే. ఇవ్వనని కాదు” అంది. “ఎన్నాళ్ళయినా ఆలోచించుకోండి” అన్నాను, వానలు మొదలైతే ఏం చెయ్యాలా అని లోపల గుబులుగా ఉన్నా.

మా ఆయన వచ్చి లైటు వేసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. “ఇదేంటి? మరి నేనెక్కడ పడుకోవాలి?”

తువ్వాలెక్కడ, తాళాలెక్కడ, కళ్ళజోడెక్కడ అని ఆయన అడిగిన ప్రతిసారీ నా కాళ్ళు వాటంతటవే లేచేవి. ఈసారి మంచం పక్కనుంచి లేవలేదు.

“లైటు తీసెయ్యండి” అన్నాను. “రంగు వెలిసిపోతుంది.”