పాత కెప్టెన్ తీర్పు

హార్ల్‌థోర్ప్‌లో బొగ్గు గని మూతబడ్డాక ఊరికి మిగిలినవి రెండే, చర్చీ రగ్బీ లీగ్ క్లబ్బూ. చర్చికి జనం రావడం ఏనాడో తగ్గిపోయింది. క్లబ్బుకు మాత్రం ఊరంతా యజమానులే. సభ్యుడికో ఓటు, నోటికో సలహా. ఆ గురువారం సాయంత్రం, కోచ్ బ్రిగ్స్‌ను ఉంచాలా సాగనంపాలా తేల్చడానికి హాల్లో సమావేశం పెట్టారు.

నోరీన్ సగ్డెన్ భర్త క్లిఫ్‌ను ముందు వరసలో కూర్చోబెట్టి పక్కనే కూర్చుంది. ఇంట్లో ఒంటరిగా వదిలే మనిషి కాదాయన. ఒకప్పటి కెప్టెన్. విరిగిన దవడతో ఆట పూర్తిచేసి కప్పు తెచ్చినవాడు. ఇప్పుడు చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా చేతకాదు. ఆటలో తలకు తగిలిన దెబ్బలన్నీ కలిసి వడ్డీతో సహా వసూలు చేసుకున్నాయి. ‘చెవుడొచ్చింది, అందుకే మాట్లాడడు’ అని నోరీన్ ఊరికి చెప్పింది. ఊరు మారుమాటాడకుండా నమ్మేసింది. నమ్మితే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు మరి.

గోలంతా కిందటి ఆదివారం ఆట గురించి. పక్క ఊరి జట్టుతో కప్పు సెమీఫైనల్. గెలుపు చేతిలో ఉండగా నోరీన్ కొడుకు డీన్ తలకు దెబ్బ తగిలి పడిపోయాడు. ఈ సీజన్లో అది మూడోది. డాక్టర్ చూసి ఆడొచ్చన్నాడు. బ్రిగ్స్ ఒప్పుకోలేదు. ఈ ఏడాదికి వాణ్ణి మళ్ళీ మైదానంలో దింపనని తేల్చి చెప్పాడు. ఆట పోయింది.

“పిరికి వెధవ!” డెరిక్ లేచాడు. కసాయి కొట్టు అతనిది, గొంతు కూడా కత్తిలాగే ఉంటుంది. “డాక్టరే పరవాలేదంటే వీడెవడు? వీడికి మంత్రసాని పని ఇవ్వాల్సింది, కోచ్ పని కాదు.”

“నోరు కాస్త తగ్గించు డెరిక్,” అంది బస్సు నడిపే బెవ్. “ఆయన రాకముందు మన డిఫెన్సు గుర్తుందా? మా అత్త కట్టిన కంచె అంతకంటే నయం. మేకలు కూడా దాటేవి కాదు.”

“డిఫెన్సు కుదిరిందిలే. మరి ఎటాక్ ఏదీ? బంతి చేతికొస్తే తన్ని పారెయ్యడం తప్ప ఇంకేం నేర్పాడు?”

“మన ఊరి పిల్లల్ని పైకి తెచ్చాడు.”

“తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు!”

హాలు గొల్లుమంది. నోరీన్‌కు ఒళ్ళు మండింది. ఈ మనుషులే క్లిఫ్ దవడ కథ చెప్పుకుంటూ ఇన్నేళ్ళు బీర్లు తాగారు. ఆ దవడకు స్ట్రాతో సూప్ పట్టిన చేతులు ఎవరివో ఒక్కడూ అడగలేదు. డీన్ గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. ఈ పొద్దున కారు తాళాలు జేబులో పెట్టుకుని, ఎక్కడున్నాయని మళ్ళీ మళ్ళీ అడిగినవాడు. వాడికీ మైదానానికీ మధ్య నిలబడ్డది బ్రిగ్స్ ఒక్కడే. బ్రిగ్స్ పోతే వచ్చే ఆదివారం లీగ్ ఆటకే వాడు బరిలో ఉంటాడు.

చేతులెత్తమన్నారు. నోరీన్ బ్రిగ్స్‌కే ఎత్తింది. వెనకనుంచి ఎవరో “సొంత కొడుకు పొట్ట కొడుతోంది” అని గొణిగారు. లెక్క చూస్తే రెండు వైపులా సమానం.

అధ్యక్షుడు స్టాన్ గొంతు సవరించుకున్నాడు. “ఆనవాయితీ మీకు తెలిసిందే. పాత కెప్టెన్లు చేతులెత్తరు. ఓట్లు సమానమైతే వాళ్ళలో పెద్దవాడిదే తీర్పు.”

ఆ ఆనవాయితీ నోరీన్‌కూ తెలుసు, కానీ అవసరం పడగా ఎన్నడూ చూడలేదు. ఆమె లేచేలోపే స్టాన్ వచ్చి మైకు క్లిఫ్ నోటి దగ్గర పెట్టాడు.

“చెప్పు కెప్టెన్. బ్రిగ్స్‌ని ఏం చేద్దాం?”

క్లిఫ్ చుట్టూ చూశాడు. జనం, క్లబ్బు ఎర్ర చొక్కాలు, తనవైపే చూస్తున్న ముఖాలు. కళ్ళలోకి వెలుగొచ్చింది.

“నాకేం కాలేదు బాస్,” అన్నాడు. “నన్ను మళ్ళీ దింపు.”

హాలంతా లేచి నిలబడింది. కొందరు ఏడ్చారు. “విన్నారా? అదీ మగతనం!” అని డెరిక్ బల్ల గుద్దాడు. “బ్రిగ్స్‌కి ఇంతకంటే ఏం చెప్పాలి!”

నోరీన్ మైకు లాక్కుంది. “ఆయనకి చెవుడు కాదు. మతి పోయింది. ఇది ఏ ఏడాదో, మీరెవరో ఆయనకి తెలీదు. నన్ను వాళ్ళమ్మ అనుకుంటాడు కొన్నిసార్లు. రాత్రిళ్ళు పక్క తడుపుతాడు. ఈ ఆటే చేసిందిది. ఇప్పుడు మీరు నా కొడుకుని కూడా ఇలాగే చేస్తారు.”

బెవ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డీన్ మాత్రం ముఖం ఎర్రబడి ముందుకొచ్చాడు.

“ఇంతమందిలో నాన్న పరువు తీస్తావా అమ్మా?”

“నీకోసమేరా.”

“నాకోసం నువ్వేం చెయ్యక్కర్లేదు.” మైకు తీసుకుని స్టాన్ చేతిలో పెట్టాడు. “తీర్పు చెప్పండి.”

స్టాన్ ఆమె ముఖం చూడలేక బూట్లు చూసుకున్నాడు. “నీ బాధ మాకర్థమైంది నోరీన్. కానీ కెప్టెన్ మాట కెప్టెన్ మాటే. ఇవాళ కాదంటే రేపు దేనికీ విలువుండదు.” బ్రిగ్స్ ఉద్యోగం అక్కడితో అయిపోయింది.

చప్పట్లు ఇందాకటంత గట్టిగా లేవు, అయినా కొట్టారు. మాంసం కూరిన పైలు, ఉడికించిన బఠానీలు వచ్చాయి. బీరు గ్లాసు క్లిఫ్ ముందు పెట్టి డెరిక్ ఆయన భుజం తట్టాడు. నోరీన్ వైపు ఎవరూ రాలేదు. అవతల డీన్‌ను కుర్రాళ్ళు భుజాల మీదికి ఎత్తుకున్నారు.

క్లిఫ్ అటే చూస్తున్నాడు, ముచ్చటపడుతూ.

“ఎవరా అబ్బాయి?” అని ఆమెను అడిగాడు. “బాగా ఆడతాడా?”

“బాగానే ఆడతాడు,” అంది నోరీన్. “ఆదివారం ఆడతాడు.”