అత్తమ్మ కళ్ళు మూస్తే జనార్దన్

మా అత్తమ్మ యాదవ్వకు యేసుప్రభువు ముఖం బాగా తెలుసు. తెలియకేం, రోజూ సాయంత్రం ఆరింటికి టీవీ సీరియల్లో చూస్తుంది కదా! ఆయన తెరమీదికి రాగానే నెత్తిన కొంగు కప్పుకుంటుంది. ప్రకటనలు వస్తే తీసేస్తుంది. ప్రార్థనకు కళ్ళు మూసినా ఆ ముఖమే, ఆ గడ్డమే. ఆ వేషం కట్టేవాడి పేరు జనార్దన్ అని నేను చెబితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఒక ఆదివారం నాంపల్లిలో చర్చి అయిపోయాక అబిడ్స్ దాకా నడిచాం. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల పక్కన సాక్షాత్తూ ఆ గడ్డమే! చేతికి హెల్మెట్ తగిలించుకొని, తన బైకును రాసుకుపోయిన ఆటోవాణ్ణి అమ్మనా బూతులు తిడుతున్నాడు. ముందురోజు టీవీలో శత్రువుల్ని క్షమించమన్నదీ ఆ నోరే. నాకు నవ్వాగలేదు. అత్తమ్మ మాత్రం రోడ్డు మీదే ఏడ్చేసింది.

ఆ రోజు నుంచి ఆమెకు ప్రార్థన సాగలేదు. నలభై ఏళ్ళుగా పూట తప్పని మనిషి! మోకాళ్ళూనడం, అంతలోనే లేచిపోవడం.

"కండ్లు మూస్తే సాలు, హెల్మెట్ పట్టుకొని వస్తుండు. గాయనకు ఏం చెప్పుకోవాలె?"

పాస్టరయ్య అసలు ఏ ముఖమూ ఊహించుకోవద్దన్నాడు.

"ముఖం లేకుంట మాట్లాడనీకి గిదేమన్న ఫోనా?" అని ఆయన మీదికే లేచింది. అప్పటికి నాకూ జాలేసింది.

మరుసటి ఆదివారం నన్ను మళ్ళీ అక్కడికే లాక్కెళ్ళింది. అతను మందుల దుకాణం ముందు నిలబడి ఉన్నాడు. వద్దంటే వింటుందా, ఎదురెళ్ళి నిలదీసింది.

"ఏంది నాయినా, పోయిన ఐతారం గట్ల తిడితివి? నీ ముఖం తలుసుకొనే నేను ప్రార్థన చేసుకుంట. ఇప్పుడు నాకు ప్రార్థనే వస్తలేదు."

జనార్దన్ తల దించుకున్నాడు.

"తప్పయిందమ్మా. బిడ్డ పది దినాల సంది గీ పక్క దవాఖానల ఉన్నది, రేపు ఆపరేషన్. ఫికర్‌తోని నోరు జారిన. గాడ గూడ అందరు టీవీల జూసి నన్నే ప్రార్థన చెయ్యమంటున్రు. నాకేమో డైలాగులే వస్తయి, ప్రార్థన రాదు."

చెబుతూ చెబుతూ ఏడ్చాడు.

అత్తమ్మ ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా మోకాళ్ళూనింది. గంటైనా లేవలేదు. నాకు భయమేసి తలుపు దగ్గరే నిలబడ్డాను. లేచాక, ఊరుకోలేక అడిగాను.

"ఇయ్యాల ఎవరి ముఖం వచ్చింది అత్తమ్మా?"

"గాయన ముఖమే. ఇంక ఏడుస్తనే ఉండె," అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "పక్కన కూసోవెట్టుకున్న. ఇద్దరం కలిసి బిడ్డ కోసం అడిగినం."