చెవులతో చూసిన కార్టూన్

నాకు ప్రాణమైన కార్టూన్ ఒకటుంది. ఇరవై రెండు నిమిషాలు ఉంటుంది. ఈ ఎనిమిదేళ్లలో దాన్ని ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. చూడడం మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

నేను పళ్ల డాక్టర్ని. మా క్లినిక్‌లో కుర్చీకి సరిగ్గా పైన, సీలింగ్‌కి ఒక టీవీ బిగించి ఉంటుంది. పిల్లల్ని కుర్చీలో పడుకోబెట్టగానే నర్సమ్మ రిమోట్ నొక్కుతుంది. పిల్లలు నోరు తెరుచుకుని పైకి చూస్తుంటారు, నేను ఆ నోట్లోకి చూస్తుంటాను. టీవీ నా నెత్తిమీద ఉంటుంది. పని పూర్తయి నేను నడుం నిటారు చేసుకునేసరికి నర్సమ్మ దాన్ని ఆపేస్తుంది. ఉన్నది ఒకటే పెన్‌డ్రైవ్, అందులో ఉన్నది ఒకటే కార్టూన్. మాటలుండవు. చప్పుళ్లు, కాస్త సంగీతం, అంతే.

ఒక్కసారి తలెత్తి చూస్తే నీ సొమ్మేం పోయిందని మీరు అడగొచ్చు. పోతుంది మరి. విని విని ఆ కథంతా నేనే అల్లేసుకున్నాను. ధబ్ ధబ్‌మని అడుగులు వినిపిస్తాయి కాబట్టి హీరో ఏనుగు. మధ్యమధ్యలో కూ అని కూత వినిపిస్తుంది కాబట్టి అది రైలు. ఏనుగు రైలెక్కాలి, గార్డు ఎక్కనివ్వడు. ఐదో నిమిషంలో టప్‌మని చిన్న శబ్దం, ఆ తర్వాత నలభై సెకన్లు ఏమీ వినపడదు. అంటే, రైలు తప్పిపోయిన ఏనుగు ప్లాట్‌ఫారం మీద కూలబడి, సోడా మూత తీసి తీరిగ్గా తాగుతోందన్నమాట. ఇంత చక్కని కథని ఎవరో గీసిన బొమ్మలు చూసి పాడుచేసుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే మొదటి వారంలోనే నర్సమ్మకి గట్టిగా చెప్పేశాను, నా దగ్గర ఆ కార్టూన్ ఊసు ఎత్తొద్దని. ఆవిడ నాకంటే ఆరేళ్లు పెద్ద. ఓసారి కసిరితే ఎనిమిదేళ్లు గుర్తుపెట్టుకునే మనిషి.

ఆ నలభై సెకన్లే నా వృత్తికి ఆయువుపట్టు. పిల్లలు నవ్వే చోట సూది వేయబోతే తల కదిలి పెదవికి గుచ్చుకుంటుంది. ఆ నిశ్శబ్దంలో మాత్రం ఎంతటి గడుగ్గాయి అయినా ఊపిరి బిగబట్టి బొమ్మలా పడుకుంటాడు. అందుకే టప్ వినపడగానే చిగురుకి మత్తుసూది వేసేస్తాను. ఇన్నేళ్లలో ఒక్క పిల్ల కదిలితే ఒట్టు.

కదలరు గానీ, ఏడుస్తారు. నాకున్న దిగులల్లా అదే. అరవరు, గింజుకోరు. సూది దిగుతుండగా రెండు కళ్లలోంచీ రెండు చుక్కలు మెల్లగా చెవుల వైపు జారతాయి. ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ. దొరికినవాటిలో సన్నని సూది తెప్పించాను. మందుని అరచేతిలో పట్టుకుని గోరువెచ్చగా చేశాను. చిగురు మొద్దుబారడానికి రాసే జెల్ రెండింతలు రాశాను. చుక్కలు ఆగలేదు. మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే కంచంలో ఆ కళ్లే కనిపించేవి. ఇక్కడో విడ్డూరం కూడా ఉంది. ఒక్క పాలపన్నుతో వచ్చి పావుగంటలో లేచిపోయే పిల్లలు ఏడుపుమొహాలతో వెళ్లేవాళ్లు. మూడు పళ్లు పుచ్చి అరగంట పడుకున్నవాళ్లేమో నవ్వుతూ దిగేవాళ్లు. ఇదేం లెక్కో నాకు అంతుపట్టేది కాదు.

పోయిన సోమవారం మా చెల్లెలు తన కూతుర్ని తీసుకొచ్చింది. ఆరేళ్లది. ఇంట్లో అందరూ దాన్ని పిడుగు అంటారు. ఊగుతున్న పాలపన్ను ఒకటి, పని పన్నెండు నిమిషాలు. నా మేనకోడలు కదా అని మందుని ఇంకాసేపు అరచేతిలో పట్టుకున్నాను. అయినా టప్ అనగానే ఆ రెండు చుక్కలూ జారనే జారాయి. మర్నాడు చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఏం చేశావు దాన్ని?"

"పన్ను పీకాను. పన్నెండు నిమిషాల్లో."

"నీ నిమిషాలు ఎవరికి కావాలి? నిన్నటినుంచి కిటికీ దగ్గర కూర్చుని ఆకాశంలోకి చూస్తోంది. ఏమైందే అంటే చెప్పదు. మామయ్య దగ్గరికి వెళ్దామా అంటే చాలు, పెదవి విరిచేస్తోంది."

ఊళ్లో పిల్లలందర్నీ ఏడిపించాను, ఇప్పుడు ఇంట్లో పిల్లని కూడా ఏడిపించాను. ఇక చాలనిపించింది. పిల్లల్ని చూడడం మానేద్దామని ఆ రోజే తేల్చుకున్నాను. మా బోర్డు మీద 'పెద్దలకు, పిల్లలకు' అని ఉంటుంది, పక్కన పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న పాప బొమ్మ. శనివారం పొద్దున వచ్చి పాపనీ, పిల్లలకు అన్న మాటనీ చెరిపేయమని పెయింటర్‌కి చెప్పాను.

"పిల్లలు పోతే ఇక్కడ మిగిలేదెవరు సార్?" అంది నర్సమ్మ. "మీరూ, కట్టుడుపళ్లూ."

"నేను నిర్ణయం తీసేసుకున్నాను."

"తీసుకోండి. తీసుకోవడంలో మీకెవరు సాటి?" అంటూ ట్రేలు కడగడానికి వెళ్లిపోయింది. ఆ రోజు ట్రేలు మామూలుకంటే గట్టిగా మోగాయి.

దెబ్బ మీద దెబ్బ, గురువారానికి నా దవడ వాచింది. జ్ఞానదంతం. ముప్పై ఏళ్లు నోట్లోనే ఉండి నాకు ఏ జ్ఞానమూ ఇవ్వని ఆ పన్ను, నొప్పి మాత్రం దండిగా ఇచ్చింది. శుక్రవారం చిన్న డాక్టరమ్మ వచ్చే రోజు. ఆ అమ్మాయి నా దగ్గరే పని నేర్చుకుంది, వారానికి రెండు రోజులు వచ్చి పెద్దవాళ్ల పళ్లు చూస్తుంది. ఎక్స్-రే చూసి, "తీసేయాలి సార్, ఇవాళే" అంది. నాకంటే పొట్టిగా ఉండే అమ్మాయి ఆ క్షణాన సీలింగ్ అంత ఎత్తు కనిపించింది.

ఇక సిగ్గు విడిచి చెబుతున్నాను. పాతికేళ్లుగా పళ్లు పీకుతున్నవాణ్ణి, కుర్చీ వెనక్కి వాలగానే లేచి పారిపోదామనుకున్నాను. చేతులు కుర్చీని పట్టుకుని వదలనన్నాయి. డాక్టరమ్మ చిగురుకి జెల్ రాసి, "ఐదు నిమిషాలాగుదాం సార్, సూది తర్వాత" అంది.

నర్సమ్మ నా చేతుల వంక చూసి రిమోట్ తీసింది. "పిల్లలకి పెట్టేదే పెడతాను. పిల్లలు నయం, ఇంతలా బిగుసుకుపోరు."

"వద్దు."

"వద్దంటే కళ్లు మూసుకోండి."

మూసుకున్నాను. ధబ్ ధబ్ మొదలైంది. ఎనిమిదేళ్లుగా పరిచయమున్న అడుగులవి. ఒక కన్ను దానంతటదే తెరుచుకుంది.

ఏనుగు లేదు. ఒక ఎలుక ఉంది. చిటికెడంత ఎలుక, ఒంటికాలికి ఎవరో మనిషి పారేసిన బూటు తొడుక్కుని దాన్ని ఈడ్చుకుంటూ నడుస్తోంది. ధబ్ ధబ్ అంటున్నది ఆ బూటు. రైలు లేదు, గార్డు లేడు. కూ అంటున్నది గాలి. ఆ గాలిలో ఎలుక పట్టుకున్న దారం చివర ఒక ఎర్రటి గాలిపటం ఎగురుతోంది. దానికి పేద్ద కళ్లు, కనురెప్పలు కూడానూ. నా ఏనుగుని పట్టపగలు ఎవరో ఎత్తుకుపోయినట్టు ఒళ్లు మండింది. అయినా రెండో కన్ను కూడా తెరిచాను.

ఎలుకకి ఎండ తగులుతుంటే గాలిపటం కిందికి వంగి నీడ పట్టింది. ఎలుక తన రొట్టెముక్కలో సగం విరిచి దారానికి కట్టి పైకి పంపింది. రాత్రి బూటులో దూరి పడుకునేటప్పుడు దారం కొసని కాలివేలికి చుట్టుకుంది. గాలిపటం ఆ వేలిని అప్పుడప్పుడూ మెల్లగా లాగుతూ, నేను ఇక్కడే ఉన్నాను, పడుకో అంటోంది. నా కోపం ఎటుపోయిందో తెలియదు, దవడ నొప్పి కూడా గుర్తులేదు.

అప్పుడు వినపడింది, టప్‌మని. సోడా కాదు. దారం తెగింది.

గాలిపటం వెనక్కి చూసుకుంటూ చిన్నదైపోతోంది. ఎలుక బూటుని ఈడ్చుకుంటూ పరిగెత్తి, పడి, లేచి, తెగిన దారం చేతిలో పట్టుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడింది. గాలి కూడా ఆగిపోయింది. నలభై సెకన్లు. నా రెండు కళ్లలోంచీ రెండు చుక్కలు మెల్లగా చెవుల వైపు జారాయి.

డాక్టరమ్మ కంగారుపడిపోయింది. "సార్! నేనింకా సూది ముట్టుకోనే లేదు!"

"నీ తప్పేం లేదమ్మా," అంది నర్సమ్మ దూది అందిస్తూ. "ఇక్కడికొచ్చేసరికి అందరూ ఇంతే. ఇంతవరకు ఏడవని బిడ్డని నేను చూళ్లేదు."

దిగ్గున లేచి కూర్చున్నాను. కుర్చీ పైనున్న లైటుకి తల కొట్టుకుంది. "అందరూ అంటే? వాళ్లు ఏడ్చేది దీనికా? నా సూదికి కాదా?"

నర్సమ్మ నన్ను వింతగా చూసింది. "సూదికి ఎందుకేడుస్తారు? మీరు వేసినట్టు వాళ్లకి తెలిస్తే కదా. ముందుగదిలో నేను దూది మార్చేటప్పుడు సగంమంది అడుగుతారు, ఆంటీ, సూది ఎప్పుడేస్తారు అని."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఆ కార్టూన్ ఊసెత్తితే ఊరుకోనన్నారు. మొదటి వారంలోనే అన్నారు." ఆవిడ గొంతులో ఎనిమిదేళ్ల పాత కినుక పలికింది. "అయినా మీకు తెలీకపోవడమేంటి? గాలిపటం పోయిన దుఃఖంలో సూది నొప్పి తెలీదనేగా, అదను చూసి సరిగ్గా అప్పుడే వేస్తారు? ఎంత తెలివైన డాక్టర్ని ఇచ్చావు దేవుడా అని మా ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను."

ఏం చెప్పను? ఏనుగు సోడా తాగుతోందనుకున్నానని చెప్పనా? నోరు మూసుకుని వెనక్కి వాలాను. సంతోషంతో అసలు ఆ రోజు డాక్టరమ్మ ఎన్ని పళ్లు పీకినా ఊరుకునేవాణ్ణి. ఆ అమ్మాయి చెయ్యి చాలా మంచిది, పన్ను పావుగంటలోపే ట్రేలో పడింది. కుర్చీ లేచింది. నర్సమ్మ అలవాటుగా రిమోట్ నొక్కింది. టీవీ నల్లబడింది.

నోటినిండా దూది. పైకి వేలు చూపించాను.

"లైట్ ఆర్పాలా?" అంది నర్సమ్మ.

తల అడ్డంగా ఊపాను. మళ్లీ వేలు చూపించాను.

"ఏసీ తగ్గించాలా?"

కాళ్లు నేలకేసి కొట్టాలనిపించింది. ఎలుక ఇంకా దారం పట్టుకుని ఏ దిబ్బల వెంటో తిరుగుతోంది, గాలిపటం ఏమైందో తెలియదు, ఈవిడేమో ఏసీ అంటుంది! ఆ ఉడుకులోనే తట్టింది. పావుగంటలో లేచిపోయే పిల్లలందర్నీ నేను ఇలాగే ఇంటికి పంపాను. ఎంత త్వరగా పని చేస్తే అంత గొప్ప డాక్టర్ననుకుని, ఎనిమిదేళ్లపాటు గాలిపటం దొరక్కముందే టీవీ ఆపించాను. నా పిడుగు కిటికీ దగ్గర కూర్చుని ఆకాశంలోకి చూస్తోందంటే, వెతుకుతోంది పిచ్చిపిల్ల.

రిమోట్ లాక్కున్నాను. మిగతా ఏడు నిమిషాలూ ముగ్గురం నిలబడి, మెడలు వెనక్కి వంచి చూశాం. నర్సమ్మకి అది ఎన్నోసారో మరి, అయినా చివర్లో కొంగుతో కళ్లు తుడుచుకుంది.

శనివారం పొద్దున పెయింటర్ నిచ్చెనతో వచ్చాడు. నేను వాచిన దవడతో ఏదో చెప్పబోయేలోపే నర్సమ్మ గుమ్మంలోకి వెళ్లి, పాప బొమ్మ మీద బ్రష్ పెట్టావంటే నీ పళ్లు మత్తుమందు లేకుండా పీకిస్తానంది. పాపకి రంగు వెలిసిపోయిన చోట కొత్త రంగు వేసి వెళ్లమంది. అతను బుద్ధిగా వేశాడు.

సాయంత్రం చెల్లెలు పిడుగుని తీసుకొచ్చింది. అది నోరు గట్టిగా బిగించుకుని, రెండు చేతులూ దానిమీద పెట్టుకుని వచ్చింది. నేను గ్లౌజులు వేసుకోలేదు. ట్రే చూపించలేదు. ఎత్తి కుర్చీలో పడుకోబెట్టి, కార్టూన్ సోమవారం ఎక్కడ ఆపామో అక్కడినుంచి పెట్టి, పక్కనే స్టూల్ మీద కూర్చున్నాను. అది మొదట నన్ను అనుమానంగా చూసింది. తర్వాత పైకి చూసింది. ఇక నా వంక చూడలేదు.

గాలిపటం ఎక్కడుందో, ఎలుక దాన్ని ఎలా కనిపెట్టిందో నేను చెప్పను. చూసి తెలుసుకోవలసిందే. అయిపోయేసరికి పిడుగు చేతులు నోటిమీదనుంచి ఎప్పుడో జారిపోయాయి. తర్వాత నావైపు తిరిగి, ఇంత నోరు తెరిచి, పక్క పన్ను మీద వేలు పెట్టింది.

"మామయ్యా, ఇది కూడా ఊగుతోంది."

పట్టుకుని చూశాను. రాయిలా ఉంది. ఇంకో ఏడాది దాకా కదిలే రకం కాదు.

"అవునే, బాగా ఊగుతోంది," అన్నాను. "పడుకో. మొదట్నుంచీ పెడతాను."