బండలో ఎంతుంది

శనివారం పొద్దున పది గంటల కాఫీకి క్యారమెల్ రోల్స్ చేసి తెస్తానని వెల్డా నలభై మంది ఎదుట మాట ఇచ్చేసింది. అరిజోనా ఎడారిలో చలికాలం గడపడానికి క్యాంపర్ బండ్లు వేసుకొచ్చిన వాళ్ళంతా వారానికొకరు చొప్పున కాఫీ పెట్టుకుంటారు. కిందటేడు తన వంతు వచ్చేసరికి జ్వరం తగిలి, కొట్లో బిస్కెట్లు కొని పంపింది. ఆ బిస్కెట్లు మెత్తబడ్డ సంగతిని ఇప్పటికీ ఎవరో ఒకరు ఎంతో జాలిగా గుర్తు చేస్తూనే ఉన్నారు. ఈసారి ఓవెన్ వెలిగించి తీరాలి.

వెలిగించనివ్వనిది ఆమె భర్త ఆర్లన్, ఆయన చేతిలో ఫోను.

ఆర్లన్ ముప్పై ఏళ్ళు ఉత్తర డకోటాలో ధాన్యం గోదాము కాటా దగ్గర కూర్చున్న మనిషి. మనిషి మాట తప్పొచ్చు గాని కాటా తప్పదని ఆయన నమ్మకం. ఈ ఏడు పక్క బండి డెల్మర్‌తో కలిసి వైర్‌లెస్ సెన్సర్లు తెప్పించాడు. బిస్కెట్టంత గుండ్రటి వస్తువు. అయస్కాంతంతో గ్యాస్ బండ అడుగున అతుక్కుని, లోపల ఎంత మిగిలిందో ఫోనుకు చెబుతుంది. బండలు నింపించుకొచ్చిన రోజున మిత్రులిద్దరూ ఒకే బల్ల మీద రెండు పెట్టెలూ విప్పి, బీరు తాగుతూ వాటిని ఫోన్లకు కలిపి, చెరొకటీ పట్టుకెళ్ళి అంటించుకున్నారు. రెండు బండ్ల మధ్య గట్టిగా పన్నెండడుగులు లేవు.

ఆ రోజు నుంచి వెల్డా టీ పెట్టినా ఆర్లన్ గుమ్మంలోంచి అంకె చదివేవాడు. డెబ్బై నాలుగు. యాభై ఎనిమిది. ముప్పై తొమ్మిది. కోడిగుడ్డు ఉడికిస్తే కూడా, ఆ గుడ్డు ఎంత గ్యాస్ తినేసిందో అన్నట్టు దాని వంక చూసేవాడు. మంగళవారం హీటరు ఆపించాడు. బుధవారం నుంచి చన్నీళ్ళ స్నానం. గురువారం వెల్డా పొయ్యే ముట్టుకోలేదు. మూడు పూటలా చల్లటి శాండ్‌విచ్‌లే. సాయంత్రానికి అంకె పదమూడు తగ్గింది.

"నేనివాళ అగ్గిపుల్ల కూడా గియ్యలేదు," అంది వెల్డా.

"అంకె అబద్ధం చెబుతుందా? రోల్స్ సంగతి మరిచిపో. బిస్కెట్లు కొనుక్కొద్దాం," అన్నాడు ఆర్లన్, రెండో స్వెటరు తొడుక్కుంటూ.

అదే సమయంలో డెల్మర్ తన బండి తలుపు బార్లా తీసుకుని, లోపల హీటరు గుయ్యిమంటుండగా, నిక్కరుతో కూర్చుని ఉన్నాడు. వారం దాటినా తన బండ పట్టుమని పాతిక శాతం కూడా దిగలేదని, పొదుపంటే ఒక కళ అని, ఎవరికైనా నేర్పమంటే నేర్పుతానని చెబుతున్నాడు. వెల్డా ఆ నిక్కరునీ మొగుడి స్వెటర్లనీ మార్చి మార్చి చూసింది.

శుక్రవారం ఆర్లన్ నీళ్ళకని ఊళ్ళోకి వెళ్ళగానే, వెల్డా క్యాంపు కొట్టాయన దగ్గర కాఫీకి కాచిన వేడినీళ్ళు ఒక చెంబుడు అడిగి తెచ్చుకుని బండ పక్క మీంచి పోసింది. గ్యాస్ ఉన్నంత మేరా ఇనుము చల్లగా ఉంటుంది, ఖాళీ అయినంత మేరా వేడెక్కుతుంది. అది వాళ్ళమ్మ నేర్పిన లెక్క. అరచేయి పెట్టి కిందికి జరిపింది. సగానికి బాగా పైనే చల్లదనం తగిలింది. పొద్దున ఆర్లన్ చదివిన అంకె మాత్రం తొమ్మిది.

అరచేతి లెక్క ఆర్లన్‌కి చెబితే కాటా ముందు చెయ్యి ఏ పాటిదంటాడు. అందుకని చెప్పలేదు. రాత్రికి పిండి కలిపి పెట్టుకుంది.

శనివారం ఆరింటికి ఓవెన్ వెలిగించింది. నాలుగు రోజులుగా మూగబోయిన హీటరు కూడా వేసింది. ఆర్లన్ దుప్పట్లోంచే ఫోను అందుకున్నాడు.

"నాలుగుంది, వెల్డా. ఇదయిపోతే మనం గడ్డకట్టుకుపోతాం."

"చదువుతూ ఉండు."

చదివాడు. నాలుగు. ఏడింటికీ నాలుగే. మొదటి పళ్ళెం ఓవెన్లోంచి బయటికొచ్చింది, దాల్చినచెక్క వాసన బండి లోపలంతా కమ్ముకుంది, అంకె కదల్లేదు. ఆర్లన్ ఫోనుని తొడ మీద రెండుసార్లు తట్టాడు.

ఏడున్నరకి డెల్మర్ తలుపు కొట్టాడు. కాళ్ళ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. నిన్నంతా హీటరు వేసి కూర్చుంటే ఒక్క శాతం తగ్గని తన బండ, పొద్దున లేచిన దగ్గర్నుంచీ నాలుగు శాతం తగ్గిందని, ఎక్కడో కారుతోందేమోనని భయంగా ఉందని చెప్పాడు. "అన్నట్టు హీటరు కూడా తెల్లారకముందే ఆగిపోయింది. ఫోనులో చూస్తే ఇంకా డెబ్బై పైన ఉందే!"

వెల్డా ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది. "డెల్మర్, నీ బండలో ఉన్నది నీ ఫోనుకి తెలీదు. మా బండ సంగతి తెలుసు. నీ బండలో అడుగంటిన నాలుగే ఆర్లన్ ఫోనులో కదలకుండా కూర్చుంది. మీరిద్దరూ బల్ల మీద సెన్సర్లు తారుమారు చేసుకున్నారు."

డెల్మర్ తన ఫోను వంకా, ఆర్లన్ ఫోను వంకా చూశాడు.

"అంటే," అన్నాడు డెల్మర్, "వారం రోజులుగా నేను మీ పొదుపు చూసుకుని మురిసిపోతున్నానన్నమాట."

"నువ్వు చలి కాచుకుంటుంటే నేను స్వెటర్లు తొడుక్కున్నాను," అన్నాడు ఆర్లన్. లాంతరు పట్టుకుని వెళ్ళి, ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు బండల కిందా సెన్సర్లు ఊడదీసి మార్చి పెట్టాడు. తిరిగి వచ్చి ఫోను చూశాడు.

"డెబ్బై ఒకటి," అన్నాడు, కొంచెం మెల్లగా.

"నేనడిగానా?" అంది వెల్డా.

ఆర్లన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. డెల్మర్ ఒక రోల్ వంక, ఓవెన్ వంక, తన కాళ్ళ వంక చూసుకున్నాడు. వెల్డా అతన్ని ఓవెన్ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్ళో దుప్పటి పడేసి, రెండో పళ్ళెం లోపలికి తోసింది.