ఇరవయ్యో పురుడు

ప్రసూతి వార్డులో అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. తోటి విద్యార్థినులకు ఇరవై ఏళ్లుంటే గొప్ప. ఈవిడకు ముప్పై తొమ్మిది. ఇద్దరు పిల్లల్ని కని, వాళ్లకు ముక్కు తుడుచుకోవడం నేర్పి, తీరా తన నడుము పట్టేసే వయసులో పురుళ్లు పోసే నర్సు చదువులో చేరింది.

అత్తగారు మొదటి రోజే బుగ్గలు నొక్కుకుంది.

"పురుడు పొయ్యడానికి చదువెందుకే? నలుగుర్ని కన్నాను, ఏ పరీక్షా రాయలేదు."

"కన్నది మీరత్తయ్యా. పట్టుకున్నవాళ్లు వేరే ఉన్నారుగా?"

"పట్టుకోకపోతే ఎక్కడికి పోతారే, ఎగిరిపోతారా?"

ఆ చదువుకో నియమం ఉంది. ఇరవై పురుళ్లు సొంత చేతులతో పోసి, ఒక్కోదానికీ పెద్ద సిస్టరు చేత పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. పెద్దక్క పుస్తకంలో పంతొమ్మిదే ఉన్నాయి. ఆవేళ ఆఖరి రోజు, డ్యూటీ మధ్యాహ్నం రెండింటిదాకా. ఆలోగా ఇరవయ్యోది పడకపోతే మళ్లీ ఆరు నెలలు. వారం రోజులుగా బిడ్డలంతా కూడబలుక్కున్నట్టు, ఆమె అన్నానికి వెళ్లిన పావుగంటలోనే పుట్టుకొచ్చారు. అందుకని ఆవేళ అన్నమే మానేసింది.

పదింటికి దర్జీ పనిచేసే ఒకావిడ నొప్పులతో వచ్చింది. మూడో కాన్పు. పెద్దక్కకు ప్రాణం లేచివచ్చింది. మూడోవాళ్లకు తొందరెక్కువ, దారి తెలిసిన ఇల్లు కదా!

"ఇదిగో, కుట్లు పడితే మాత్రం వంకరగా వెయ్యొద్దు," అంది దర్జీ ఆవిడ మంచమెక్కుతూనే. "నాకు తెలిసిపోతుంది."

"కుట్లే పడనివ్వను. మీరు ఊపిరి వదలండి."

పెద్దక్క ఆవిడ నడుము రుద్దింది, నడిపించింది, నీళ్లు తాగించింది, మధ్యమధ్య ఆవిడ మొగుణ్ణి తిడుతుంటే ఊఁ కొట్టింది. పన్నెండయింది. ఒంటిగంటయింది. గడియారం ముల్లు పరిగెడుతోంది, బిడ్డ మాత్రం లోపల కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఒంటిగంటన్నరకు పెద్దక్క చెయ్యి పెట్టి చూసి, "గర్భసంచి నోరు పది సెంటీమీటర్లూ తెరుచుకుంది! ఇక ముక్కండమ్మా, గట్టిగా!" అంది.

పెద్ద సిస్టరు ముప్పై ఏళ్ల అనుభవమున్న మనిషి. చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడటమే ఆవిడ పనితనం. ఆ చేతులు బయటికొచ్చాయంటే ఎక్కడో తేడా కొట్టినట్టే. ఇప్పుడు వచ్చాయి. తొడుగు వేసుకుని చూసింది.

"ముక్కొద్దమ్మా, ఆగు. ఎనిమిదే." పెద్దక్క వైపు తిరిగింది. "మిగతా రెండూ గడియారంలో కొలిచావా?"

పెద్దక్క చెవులదాకా ఎర్రబడింది. పూర్తిగా తెరుచుకోకముందే ముక్కిస్తే వాచిపోతుందని, చిరిగిపోతుందని, బిడ్డ అలిసిపోతుందని తోటి విద్యార్థినులకు తనే పాఠం చెప్పింది మొన్న. వేళ్లు అబద్ధం చెప్పలేదు, ఆశ చెప్పించింది.

"నాదే తప్పమ్మా," అంది దర్జీ ఆవిడతో. "ఇంకా టైముంది. పక్కకు తిరిగి పడుకోండి, నొప్పి వచ్చినప్పుడు ఉఫ్ అని ఊదండి చాలు."

"అంటే ఇందాక ఊరికే ముక్కానా?"

"ఊరికేనే."

"నేను జాకెట్టు కొలత తప్పితే వీధంతా తిడతారు తెలుసా?"

"తిట్టండి. ఊదుతూ తిట్టండి."

రెండు కొట్టింది. తర్వాతి డ్యూటీ పిల్ల తలుపు తోసుకుని వచ్చి, ఉత్సాహంగా చేతులు కడిగేసుకుంది. దాని పుస్తకంలో తొమ్మిదే ఉన్నాయి పాపం. పెద్దక్క జరిగింది జరిగినట్టు అప్పజెప్పింది: "ఒకటిన్నరకు ఎనిమిది. నేను పదనుకుని ముక్కమన్నాను, సిస్టరు ఆపారు." చెప్పేసి వెనక్కి జరగబోయింది.

జరగలేదు. దర్జీ ఆవిడ ఆమె మణికట్టు పట్టేసింది. కత్తెర పట్టే చెయ్యి, ఉడుంపట్టు.

"ఎక్కడికి? పొద్దున్నుంచీ నా నడుము రుద్దింది నువ్వు. ఇప్పుడు కొత్త ముఖమొస్తే నేను కాళ్లు మూసుకుంటా!"

"మూసుకుంటే ఆగే సరుకు కాదమ్మా అది," అంది పెద్ద సిస్టరు. చేతులు మళ్లీ జేబుల్లోకి వెళ్లిపోయాయి. "కానీ తప్పు చెప్పుకుని నిలబడ్డ మనిషిని పంపించడానికి నాకూ మనసొప్పడం లేదు. ఉండు. ఈ కేసు నీ డ్యూటీలో వచ్చిందే, నీ లెక్కలోకే రాస్తాను. కొత్తపిల్లా, నువ్వు పక్కన సాయం పట్టు."

రెండూ ఇరవైకి నిజంగానే పది అయింది. ఈసారి సిస్టరు కూడా చూసింది. పెద్దక్క చెయ్యొకటి దర్జీ ఆవిడ పట్టులోనే ఉండిపోవడంతో ఒంటిచేత్తోనే తల ఆపింది, మెల్లగా, తొందరలేకుండా. భుజాలు జారాయి. కొత్తపిల్ల కింద చెయ్యి వేసింది. బిడ్డ కెవ్వుమంది. కుట్టు ఒక్కటి పడలేదు.

బిడ్డను తల్లి గుండెల మీద వేసి గుడ్డ కప్పారు. మాయ కూడా చక్కగా దిగాక పెద్దక్క పుస్తకం తెచ్చింది. పెద్ద సిస్టరు కళ్లజోడు సర్దుకుని, టైము రాసి, 'ఎనిమిదిని పది అంది, ఒప్పుకుంది' అని కూడా రాసి, సంతకం పెట్టబోతూ ఆగింది.

"ఈ గడి ఖాళీగా ఉందేం? ఆడా, మగా?"

పెద్దక్క కొత్తపిల్లను చూసింది. కొత్తపిల్ల పెద్దక్కను చూసింది. ఇద్దరూ కలిసి సిస్టరును చూశారు. ఆవిడ గోడను చూసింది.

"బాగుందే వరస!" అంది దర్జీ ఆవిడ. "ముగ్గురు ఉద్దండులు, ఒక్కరూ చూడలేదా?" గుడ్డ ఎత్తి తనే చూసుకుంది. మొహమంతా నవ్వయింది.

"ఆడపిల్ల. రాసుకోండి. రాసి, ఆ పుస్తకం అవతల పారేసి, ఇటొచ్చి దీని మొహం చూడండి."

రాశారు. ఆనక ముగ్గురూ వరసగా వచ్చి వంగి చూశారు.